పుట్టింటి గదిలో నలభై ఒక్క పొరలు

ఆ కర్మాగారంలో ఆయన్ని అసలు పేరుతో ఎరిగినవాళ్ళు జీతాల విభాగంలో తప్ప మరెక్కడా లేరు. మిగతా అందరికీ ఆయన పెళ్ళిళ్ళ పేరయ్య. రానురాను పెళ్ళిళ్ళు రాలిపోయి ఉత్త పేరయ్య మిగిలాడు. చేసే పని అలాంటిది మరి. వాల్‌నట్ దుంగను పెద్ద బ్లేడు కింద పెట్టి, పుస్తకం అట్టకంటే పలుచగా పొరలు తీస్తారు. ఒకదాని కింద ఒకటిగా వచ్చిన రెండు పొరల్ని పక్కపక్కన తెరిచి పెడితే, ఎడమదాంట్లోని గీత కుడిదాంట్లో అద్దంలో చూసినట్టు కనబడుతుంది. అలా ఈడూ జోడూ కుదిరిన పొరల్ని ఏరి, కారులో స్టీరింగు ముందుండే పలకకీ, తలుపులకీ, వెనక సీటులో దొరగారు కప్పు పెట్టుకునే చిన్న బల్లకీ జత చేయడం పేరయ్య పని. ముప్ఫై నాలుగేళ్ళలో ఆయన కుదిర్చిన సంబంధం ఒక్కటీ చెడలేదని చెప్పుకునేవారు. మనుషుల పెళ్ళిళ్ళు కూడా బాబాయ్‌కే అప్పజెబితే కోర్టులకు తాళాలు వేసుకోవచ్చని పాలిష్ పట్టే అతను అంటుండేవాడు. అతనికి ఇంట్లో పెళ్ళాంతో మాటల్లేక అప్పటికి మూడేళ్ళు.

ఆ కార్లు ఎంత ఖరీదైనవంటే, తయారుచేసేవాళ్ళలో ఒక్కరూ వాటి వెనక సీటులో కూర్చుని వంద గజాలు పోయి ఎరగరు. కూర్చోవడం అంటూ కూర్చునేవారు, నిజమే. కుట్లు సరిచూడటానికి, ఎక్కడైనా కిరకిరలాడుతోందేమో చెవి ఆనించి వినటానికి. ఇది లోకంలో కొత్త సంగతేం కాదు. పల్లకీ చెక్కినవాడు పల్లకీ ఎక్కిన కథ ఏ పుస్తకంలోనూ కనబడదు. అయితే గొప్పవాళ్ళ వస్తువుకు ధర ఒక్కటే ఉంటే చాలదు, వెనకాల ఒక కథ కూడా ఉండాలి. ధర చూసి పక్కింటివాడు కుళ్ళుకుంటాడు, కథ విని కొన్నవాడు తనను తానే మెచ్చుకుంటాడు.

కంపెనీకి అలాంటి కథ ఒకటుంది. మూలపురుషుడు గుర్రబ్బగ్గీలు చేసిన మనిషి. మొదటి కారు తీసుకుపోవడానికి ఒక ధనికుడు గుమ్మంలో నిలబడి ఉండగా, ముందు పలకలో ఎడమ గీతకూ కుడి గీతకూ వెంట్రుకవాసి తేడా కనిపెట్టి, గొడ్డలి తెచ్చి ఆ పలకను రెండు ముక్కలు చేశాడట. ఆ గొడ్డలి ఇప్పటికీ ముందు హాల్లో గాజుపెట్టెలో ఉంది. చూడవచ్చినవాళ్ళు దాని పక్కన ఫొటోలు దిగుతారు. పాలిష్ గదిలో చెప్పుకునేది వేరు. ఆ రోజు పెద్దాయనకు కలప వ్యాపారితో తగవైందనీ, అత్త మీద కోపం దుత్త మీద తీసినట్టు చెక్క మీద తీశాడనీ, గుమ్మంలో ఉన్న ధనికుడు ఆ గొడ్డలి తన దాకా వస్తుందేమోనని బెదిరిపోయి మారుమాట లేకుండా ఇంకో ఆరు నెలలు ఆగాడనీ వాళ్ళ వాదన.

ఆ పెద్దాయనే పెట్టిన కట్టుబాటు ఒకటి మాత్రం ఎవరూ వెక్కిరించేవారు కారు. ఒక కారులో వాడే చెక్క అంతా ఒకే చెట్టుది కావాలి. కారు వెళ్ళిపోయాక అదే చెట్టు పొర ఒకటి ఇక్కడ భద్రంగా దాచాలి. యాభై ఏళ్ళ తరవాతైనా సరే, ఆ కారుకు దెబ్బ తగిలి చెక్క పగిలితే దాని తోడబుట్టిన పొరతోనే అతుకు వెయ్యాలి. అలా దాచే గదికి కాగితాల మీద గంభీరమైన పేరు ఒకటి ఉండేది. పనివాళ్ళు పుట్టిల్లు అనేవారు. ఫలానా నంబరు పిల్ల అత్తారింట్లో గోడకు గుద్దుకుని పుట్టింటికొచ్చిందంటే, ఎవరో కారు పాడుచేసుకుని పంపారని అర్థం.

పుట్టింటికి కిటికీల్లేవు. గాలిలో తేమ ఏడాది పొడుగునా ఒకేలా ఉండాలి కాబట్టి తలుపులు రెండు. బయటి తలుపు పూర్తిగా మూసుకుంటేనే లోపలి తలుపు తెరుచుకుంటుంది. ఆ రెండిటి మధ్య, ఒక మనిషి చేతులు చాపలేనంత ఇరుకులో, ఎర్ర దీపం పచ్చబడేదాకా అర నిమిషం నిలబడాలి. లోపల నేల నుంచి కప్పుదాకా అరలు. అరల్లో గుడ్డలు కప్పుకుని పడుకున్న పొరలు. తాళంచెవి పేరయ్య మెళ్ళోనే ఉండేది.

ఇరవై రెండేళ్ళ కిందటి మాట. అప్పట్లో పొర మీద కారు నంబరును సుద్దముక్కతో రాసేవారు. పెన్సిలు మొన దిగితే పొర మీద నొక్కు పడుతుంది, సిరా ఇంకుతుంది, కాబట్టి సుద్దే వాడాలన్నది కూడా ఆ గొడ్డలాయన పెట్టిన కట్టుబాటే. ఏటేటా యంత్రాలు కడిగి నూనె పెట్టడానికి వారం రోజులు పని ఆపే అలవాటుంది. ఆ వారంలో పుట్టింటి కప్పులోని గొట్టం ఒకటి పగిలి, ఒక పెద్ద అర మీద రాత్రీ పగలూ నీళ్ళు కారాయి. తలుపు తీసేసరికి పొరలకు పెద్ద హాని జరగలేదు గాని, వాటి మీది సుద్ద మొత్తం కొట్టుకుపోయింది. రెండువందల పదకొండు పొరలు. ఊరూపేరూ లేని పిల్లల్లా నిలబడ్డాయి.

అప్పటి సూపర్‌వైజరు, పేరయ్యకంటే రెండేళ్ళు చిన్నవాడు, వచ్చి చూసి మొహం తుడుచుకున్నాడు. ఇద్దరూ కలిసి పొరల్ని ఖాళీ షెడ్డు నేల మీద పరిచారు. కార్ల ఫొటోల పుస్తకాలు తెచ్చి పక్కన పెట్టుకున్నారు. ఫొటోలో కనబడే గీతను బట్టి, దాని తోబుట్టువు ఏదో పోల్చి చెప్పాలి. నువ్వు చెప్పు, నేను రాస్తానన్నాడు సూపర్‌వైజరు. పేరయ్య చెప్పడం మొదలుపెట్టాడు. మొదటి రోజు నిజంగానే గుర్తుపట్టాడు. ఈ సుడి ఫలానా నంబరుదిరా, ఈ పొగచార ఫలానాదానిది అంటూ, బడి దగ్గర తల్లులు పిల్లల్ని ఏరుకున్నట్టు ఏరాడు. సూపర్‌వైజరు కళ్ళు పెద్దవి చేసుకుని రాస్తూంటే పేరయ్యకు ఒళ్ళు తేలిపోయింది. రెండో రోజు నెమ్మదించాడు. మూడో రోజు సాయంత్రానికి నలభై ఒకటి మిగిలాయి. అవన్నీ ఒకే అడవి నుంచి, ఒకే ఏడు కొట్టిన ఏడెనిమిది చెట్లవి. కవల పిల్లల గుంపు. ఎంతసేపు చూసినా ఏది ఎవరిదో తెలియలేదు.

అప్పుడు పేరయ్య చేసిన పని, ఆ వృత్తిలో అంత పేరున్నవాడు తప్ప మరొకడు చెయ్యలేని తప్పు. తెలీదు అనలేకపోయాడు. సూపర్‌వైజరు సుద్ద పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. "నీ కన్ను తప్పితే ఇక్కడ ఇంకెవరి కన్ను ఉంది పేరయ్యా" అన్నాడు. పేరయ్య ఒక పొర వైపు వేలు చూపి ఒక నంబరు చెప్పాడు. ఆ తరవాత ఇంకొకటి. గంటలో నలభై ఒకటీ అయిపోయాయి. సూపర్‌వైజరుకు అనుమానం వచ్చిందో లేదో గాని, చివర్లో వేగం పెరిగిందే అని ఒక్క మాట అని, నవ్వి, చేతులు దులుపుకున్నాడు.

ఆ తరవాతి ఇరవై రెండేళ్ళూ పేరయ్యకు కుడితిలో పడ్డ ఎలుక బతుకే. ఆ నలభై ఒకటిలో ఏదో ఒకటి మరమ్మతుకు వచ్చిందంటే చాలు, ఆయనకు ఆ పూట ముద్ద దిగేది కాదు. మొత్తం మీద ఐదు వచ్చాయి. రెండింటికి పొర తనంత తానే కుదిరింది. మూడింటికి రంగు కలిపి, టీ డికాక్షను అద్ది, వెలుగులో ఒకటికి పదిసార్లు తిప్పి చూసి, ఎలాగో కుదిర్చాడు. చూసినవాళ్ళు పేరయ్య చెయ్యి అంటే చెయ్యే అన్నారు. ఆ పొగడ్త ఆయనకు చెప్పులో రాయిలా ఉండేది.

ఉద్యోగం ఇంకా ఆరు వారాలుందనగా కంపెనీకి కొత్త ఆలోచన వచ్చింది. ఇరవై ఏళ్ళు దాటిన తమ కార్లను సేకరించేవాళ్ళు లోకమంతా పెరిగారు. అలాంటివాళ్ళకు ఒక పత్రం ఇవ్వాలి. ఈ కారులోని చెక్క ఫలానా చెట్టుది, దాని తోబుట్టువు మా దగ్గర భద్రంగా ఉంది, అని. కింద జత కుదిర్చిన మనిషి స్వహస్తంతో సంతకం. ప్రతి పత్రానికీ రెండు ప్రతులు. ఒకటి సిరా సంతకంతో కంపెనీ ఫైలులో ఉంటుంది, దాన్ని చూసి అచ్చువేసిన మందపాటి కాగితం కొన్నవాడికి వెళుతుంది. గోడకు తగిలించుకోవచ్చు, కారు అమ్మేటప్పుడు చూపించుకోవచ్చు. మొదటి విడతకు ఎంపికైనవి సరిగ్గా ఆ తడిసిన అరలోని కార్లే. ఆ పత్రాల విభాగాన్ని నడపమని కంపెనీ నియమించింది పేరయ్య కూతుర్ని.

ఆ పిల్ల అదే ప్రాంగణంలో ఆఫీసు వైపు చేరి ఎనిమిదేళ్ళయింది. నాన్న సంతకంతో తన మొదటి పెద్ద పని మొదలవుతోందని పొంగిపోయింది. పేరయ్య నూట డెబ్బై కాగితాల మీద చకచకా సంతకాలు పెట్టాడు. నలభై ఒకటి తీసి తన బీరువాలో పెట్టుకున్నాడు. పొరల్ని మళ్ళీ ఒకసారి చూడాలన్నాడు. రేపన్నాడు. ఎల్లుండన్నాడు. ఈలోగా పాలిష్ గదిలో ఎవరో చెప్పారు, ఇప్పుడు చెక్క పొట్టు చిటికెడు పరీక్షశాలకు పంపితే రెండు ముక్కలు ఒకే చెట్టువో కావో తేల్చేస్తున్నారట. ఆ మాట విన్నాక పేరయ్య చేతిలోని గ్లాసులో టీ చల్లారిపోయింది.

ఇంట్లో భార్య కనిపెట్టింది. ఆవిడ మాటల్లో ఎప్పుడూ కారం ఒక పాలు ఎక్కువే. కంచం ముందు మెతుకులు లెక్కపెడుతున్నట్టు కూర్చున్న మొగుణ్ణి చూసి, "చెక్కల్ని చూసి చూసి మీ మొహం కూడా చెక్కయిపోయిందండీ. ఓసారి పాలిష్ పెట్టించుకురండి" అంది. ఆయన నవ్వలేదు. అప్పుడావిడ గొంతు తగ్గించి, రిటైరయ్యాక ఏంచెయ్యాలోనని బెంగా అనడిగింది. అదే అన్నాడాయన. ఆవిడ నమ్మినట్టు తలూపింది గాని, నమ్మలేదని ఇద్దరికీ తెలుసు.

చివరికి ఆయన ఆనాటి సూపర్‌వైజరు దగ్గరికి వెళ్ళాడు. అతను ఇప్పుడు పెద్దసారు. కంపెనీ నీతి నియమావళి సంఘానికి ఆయనే అధ్యక్షుడు. ప్రతి పనివాడి చేతికీ ఇచ్చే నీలిరంగు చిన్న పుస్తకం మొదటి పేజీలో ఆయన ఫొటో ఉంటుంది. పెద్దసారు లేచి తలుపు తనే వేసి, కుర్చీ చూపించి, మొత్తం విన్నాడు. ముందు తేలిగ్గా తీసుకున్నాడు. ఏదైనా వాల్‌నట్టే కదయ్యా, ఏ చెట్టైనా వచ్చి మన మీద కేసు పెడుతుందా అన్నాడు. పేరయ్య కదలకపోయేసరికి కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"నలభై ఒకటి తెలీదంటావు. సరే. మిగతా నూట డెబ్బై తెలుసంటే ఎవరు నమ్ముతారు? ముప్ఫై నాలుగేళ్ళుగా నువ్వు కుదిర్చిన జతల్ని ఎవరు నమ్ముతారు? నేను కంపెనీ సంగతి చెప్పట్లేదు పేరయ్యా, నీ సంగతే చెప్తున్నా."

"ఆ రోజు మీరూ ఉన్నారు కదా సార్."

"ఉన్నాను. నువ్వు చెప్పావు, నేను రాశాను."

పేరయ్య బయటికొచ్చి మెట్లు దిగాడు. ఆ మనిషి మాటల్లో ఒక్క అబద్ధం వెతుకుదామంటే దొరకలేదు. అదే ఎక్కువ బాధించింది. దుర్మార్గుడు అడ్డం నిలబడితే తోసేసి పోవచ్చు, సరైన లెక్క అడ్డం నిలబడితే ఎటు పోవాలి? సంతకం పెడితే ఆ నాటి అబద్ధానికి ఇప్పుడు ముద్ర వేసినట్టు. పెట్టకపోతే తన బతుకంతా చేసిన నిజమైన పని కూడా అబద్ధంలో కలిసిపోతుంది. అడకత్తెరలో పోకచెక్కకు కనీసం ఎటు నుంచి తెగుతుందో తెలుస్తుంది.

ఆదివారం మధ్యాహ్నం, భార్య పొరుగింటికి వెళ్ళినప్పుడు, కూతురు బల్ల మీద బట్టలు ఇస్త్రీ చేస్తోంది. పేరయ్య ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుని, మొదటి నుంచీ చెప్పుకొచ్చాడు. గొట్టం, సుద్ద, షెడ్డు నేల, మూడో రోజు సాయంత్రం. ఆ పిల్ల మధ్యలో ఇస్త్రీపెట్టె ప్లగ్గు తీసేసింది. చొక్కా చేతిని పట్టుకుని అలాగే నిలబడింది. తిడుతుందనుకున్నాడు. ఆ పిల్ల తిట్టలేదు.

"అందులో రెండు పంపించేశాను నాన్నా" అంది.

ఏ రెండని అడిగాడు. అర్థం కాలేదు.

"ఆ కార్లవాళ్ళు రోజూ ఫోన్లు. నువ్వేమో రేపూ, ఎల్లుండీ. ఎలాగూ పెట్టేదే కదా అనుకున్నా. వేరే పత్రంలోంచి నీ సంతకం తీసి అచ్చు వేయించేశా."

"మరి ఫైలు కాగితాలు?"

"నీ బీరువాలోనే ఉన్నాయిగా. ఖాళీగా."

ముప్ఫై ఏళ్ళొచ్చిన కూతురు, చిన్నప్పుడు పలక మీద ఆయన రాసినట్టే అక్షరాలు రాయాలని పట్టుబట్టిన పిల్ల, ఆయన సంతకాన్ని దొంగిలించింది. ఆయన మీద నమ్మకంతోనే దొంగిలించింది. కోపం రావాలనుకున్నాడు. ఎక్కణ్ణుంచి తెచ్చుకోవాలో తెలియలేదు.

రేపు వెళ్ళి అంతా చెప్పేస్తానంది ఆ పిల్ల. ఉద్యోగం పోతుందన్నాడాయన. పోతే పోతుందంది. తరవాత చొక్కా మడత పెట్టి, విప్పి, మళ్ళీ మడత పెట్టి, "నువ్వు నిజం చెప్తే నాది బయటపడుతుంది. నాది దాచాలంటే నువ్వు అబద్ధానికి సంతకం పెట్టాలి. ఏం చేద్దామో నువ్వే చెప్పు నాన్నా. ఎప్పుడూ నువ్వేగా చెప్పేది" అంది. ఒక్కరోజు ఆగమని అడిగాడు. సరేనంది.

సోమవారం అందరికంటే ముందు పేరయ్య పనిలోకి వెళ్ళాడు. నలభై ఒక్క కాగితాలూ, నలభై ఒక్క పొరలూ తీసుకుని షెడ్డు పెద్ద కిటికీ దగ్గర, ఎండ సూటిగా పడేచోట పెట్టుకున్నాడు. ఆ రెండు కార్ల పొరల్ని మొదట చూశాడు. ఫొటో పక్కన పెట్టి, తలకిందులు చేసి, తడిగుడ్డతో ఒక మూల అద్ది చూశాడు. ఒకటి అదే అయుండాలి అనిపించింది. రెండోది ఆ గుంపులో ఎవరి పిల్లైనా కావచ్చు. ఇరవై రెండేళ్ళలో ఆయన కన్ను పదునెక్కిందే గాని, ఆ పొరలు ఒక్క మాట కూడా ఎక్కువ చెప్పలేదు.

కలం తీశాడు. ఆ రెండు కాగితాల మీదా, అచ్చు ప్రతులు బయటికి వెళ్ళిన రోజుకు రెండు రోజుల ముందు తేదీ వేసి, సంతకాలు పెట్టాడు. మిగిలిన ముప్ఫై తొమ్మిదిటి మీదా ఒకే వాక్యం రాశాడు. ఈ పొర ఈ కారు చెట్టుదేనని నేను చెప్పలేను, దీనికి నంబరు చెప్పింది నేనే. దాని కింద కూడా సంతకం పెట్టాడు. రాసి రాసి వేళ్ళు కొంకర్లు పోయాయి. కాగితాలన్నీ పెద్దసారు గదికి పంపించాడు.

మధ్యాహ్నానికి పెద్దసారు పిలిపించాడు. బల్ల మీద కాగితాలు రెండు దొంతర్లుగా ఉన్నాయి. ఒకటి లావు, ఒకటి సన్నం. ఆయన అరవలేదు. సన్నదాన్ని ముందుకు జరిపి, ఈ రెండు మాత్రం తెలుసా అనడిగాడు.

"తెలుసు సార్" అన్నాడు పేరయ్య.

గొంతు వణకలేదు. ఆ నాటి సాయంత్రం కూడా వణకలేదని ఆయనకు ఆ క్షణంలో గుర్తొచ్చింది.

పెద్దసారు ఆయన మొహంలోకి చూశాడు. ముప్ఫై తొమ్మిదిటికి తెలీదని ఒప్పుకున్నవాడు రెండింటికి అబద్ధం చెప్తాడా? ఎవరూ అనుకోరు. పెద్దసారూ అనుకోలేదు. అనుకోకపోవడమే అందరికీ మంచిదని తేల్చుకున్నాడో ఏమో, తల పంకించి కాగితాలు ఫైలులో పెట్టించాడు. కొద్దిరోజులకు ఆ ముప్ఫై తొమ్మిది కార్లవాళ్ళకూ మర్యాదగా ఉత్తరాలు వెళ్ళాయి. వాళ్ళలో ఎక్కువమంది ఏమీ అనకపోగా, ఇంత నిజాయితీ గల కంపెనీ ఉంటుందనుకోలేదని తిరిగి రాశారు. నీలి పుస్తకం కొత్త ముద్రణలో, పేరు లేకుండా, ముప్ఫై తొమ్మిదిసార్లు తెలీదని రాసిన ఒక పనివాడి ఉదంతం చేరింది. పాలిష్ పట్టే అతను ఆ పేజీ చింపి తమ గది గోడకు అంటించి, బాబాయ్, నువ్వు చదువుకున్నవాళ్ళ పుస్తకాల్లోకెక్కావన్నాడు. పేరయ్య దాని ముందు నుంచి వెళ్ళాల్సి వచ్చిన ప్రతిసారీ తల దించుకునేవాడు. అణకువ అనుకున్నారంతా.

కూతురు ఫైలు తెరిచి ఆ రెండు సంతకాలూ, వాటి తేదీలూ చూసింది ఆ వారం చివర్లో. ఆ సాయంత్రం ఇద్దరూ బస్సు కోసం నిలబడ్డారు. జనం ఎక్కువగా లేరు. ఆ పిల్ల రోడ్డు వైపే చూస్తూ మాట్లాడింది.

"నేను చెప్పేస్తానన్నానుగా. ఒక్కరోజు ఆగమంటే ఆగాను."

"నీ ఉద్యోగం నిలబడింది కదమ్మా."

"నిలబడింది. ఇప్పుడు నేను నోరు తెరిస్తే దొంగవయ్యేది నువ్వు."

ఏదో ఒక జవాబు పేరయ్య చెప్పగలడు, ఆ సంగతి ఆయనకూ తెలుసు, కూతురికీ తెలుసు. చెప్పలేదు. బస్సు వచ్చింది. ఆ పిల్ల ముందెక్కి కిటికీ పక్క సీటులో కూర్చుని, పక్కసీటు మీద సంచి పెట్టుకుంది. పేరయ్య వెనక్కి వెళ్ళి, రెండు వరసల అవతల, కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు.